మెదక్ నుంచి రేపల్లె దాకా, పిల్లలతో క్రిస్మస్

డిసెంబర్ 20, శనివారం: మెదక్

మెదక్ చర్చి తీరిగ్గా చూడాలనుకుంటే డిసెంబర్ 25న మాత్రం వెళ్లకండి. చిన్నపిల్లలుంటే అసలే వద్దు. ఆ రోజు తెల్లవారుజాము ఆరాధన దగ్గర్నుంచి రాత్రి దాకా జనం వస్తూనే ఉంటారు. క్రైస్తవులొక్కరే కాదు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి అన్ని మతాల వాళ్లూ వస్తారు. మా ఆయన చిన్నతనంలో ఓ క్రిస్మస్‌కి ఆ తోపులాటలో చెప్పులు పోగొట్టుకుని ఉత్తికాళ్లతో బస్సెక్కాడట. అందుకే మేం పండక్కి ముందు శనివారం పెట్టుకున్నాం.

హైదరాబాద్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. నర్సాపూర్ మీదుగా వెళ్తే మధ్యలో అడవి వస్తుంది, రోడ్డు పక్కన కోతులు కూర్చుని ఉంటాయి. వాటిని చూస్తూ కిటికీకి అతుక్కుపోయిన మా చిన్నోడు (నాలుగేళ్లు) అడవి దాటగానే పొద్దున తిన్న ఇడ్లీ మొత్తం కక్కేశాడు. పిల్లలతో కారులో వెళ్లేవాళ్లు ఒక జత బట్టలు డిక్కీలో కాకుండా చేతికందేలా పెట్టుకోండి.

చర్చి గంట గోపురం ఊళ్లోకి వెళ్లకముందే కనిపిస్తుంది. ఎత్తు సుమారు 175 అడుగులు. లోపలికి అడుగుపెట్టగానే పిల్లలిద్దరూ చేసిన మొదటి పని అరవడం. ఆ కప్పు కింద గొంతు ఎలా మోగుతుందో చూడాలని పెద్దవాళ్లకీ ఉంటుంది, మనం ఆపుకుంటాం అంతే. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు హాలు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లీషు మెథడిస్టు మిషనరీ దీన్ని కట్టించాడు. 1914లో పని మొదలైంది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. గుడి పుట్టినరోజు కూడా క్రిస్మసేనని తెలిసి మా పెద్దది (ఏడేళ్లు) లెక్క తేల్చేసింది: "అయితే ఇక్కడ రెండు కేకులు కొయ్యాలి."

అన్నిటికంటే దానికి పట్టింది కరువు సంగతి. కట్టే రోజుల్లో ఈ ప్రాంతమంతా కరువు. పనుల్లేవు, తిండి లేదు. గుడి పనికి వచ్చినవాళ్లకి తిండి దొరికేలా పాస్నెట్ ఏర్పాటు చేశాడు. మెదక్‌లో ఇప్పటికీ అందరూ చెప్పుకునే మాట ఇదే. పెద్దది పైకప్పు వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించి, "ఇంత కట్టడానికి ఎన్ని అన్నాలు పెట్టి ఉంటారు?" అంది. నా దగ్గర అంకె లేదు. అలా అడగడమే నాకు నచ్చింది.

రంగు అద్దాల కిటికీలు మూడు. బలిపీఠం వెనక ఆరోహణం (క్రీస్తు పరలోకానికి ఎక్కిపోవడం), రెండు పక్కల ఒకవైపు క్రీస్తు పుట్టుక, ఇంకోవైపు సిలువ. ఎండ ఉన్నప్పుడే చూడాలి. బయటి వెలుగు లోపలికొస్తేనే ఆ బొమ్మలు బతుకుతాయి, సాయంత్రం దాటాక వెళ్తే చీకటి అద్దాలే మిగులుతాయి. పుట్టుక కిటికీ కింద చిన్నోడు కాసేపు నిలబడి అడిగాడు: "ఇందులో క్రిస్మస్ తాత ఏడీ?"

ఈ ప్రయాణం పెట్టుకున్నదే ఆ ప్రశ్న వల్ల. నవంబర్ ఆఖరి నుంచీ వాడికి మాల్స్‌లో కనిపించిందంతా ఎర్ర టోపీ, దూది మంచు, ప్లాస్టిక్ దుప్పి. తాత మీద నాకు కోపమేం లేదు. మా సంఘంలో ఇంటింటికీ పాటలు పాడుతూ తిరిగే కేరల్స్‌కి ఓ కుర్రాడు ముసుగు పెట్టుకుని, పొట్టకి దిండు కట్టుకుని చాక్లెట్లు పంచుతాడు. అది లేకపోతే పిల్లలు ఊరుకోరు. కానీ పండగ మొత్తం తాతదేనని వాడు నిర్ణయించేసుకున్నాడు. పైగా హైదరాబాద్‌లో మంచు పడట్లేదు కాబట్టి మనది అసలైన క్రిస్మస్ కాదేమోనని పెద్దదానికి అనుమానం. బెత్లెహేములోనూ మంచు పడేది ఎప్పుడో అరుదుగానేనని చెప్పినా నమ్మలేదు. సరే, మా ఇద్దరి ఊళ్లూ చూపిద్దాం అనుకున్నాం. మా ఆయనవాళ్లది డోర్నకల్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. మాది రేపల్లె వైపు పల్లె, లూథరన్లం, అంటే మార్టిన్ లూథర్ బాటలో వచ్చిన ప్రొటెస్టెంట్ శాఖవాళ్లం.

డిసెంబర్ 21, ఆదివారం: హైదరాబాద్

ఇవాళ సండే స్కూల్ పిల్లల ప్రోగ్రాం. తలకి తుండుగుడ్డ చుట్టుకున్న గొర్రెల కాపరులు, థర్మోకోల్ రెక్కల దూతలు, బంగారు కాగితం కిరీటాల జ్ఞానులు. మగపిల్లలందరూ కోరుకునేది మరియ భర్త యోసేపు వేషం కాదు, బాలయేసును చంపించాలని చూసిన రాజు హేరోదు వేషం. కత్తి ఉంటుంది, గట్టిగా అరవచ్చు. మా చిన్నోడు గొర్రె. స్టేజీ మీద నాలుగు కాళ్ల మీద నడవాల్సినవాడు మధ్యలో లేచి నిలబడి నాకు టాటా చెప్పాడు.

రాత్రి నాలుగో కొవ్వొత్తి వెలిగించాం. పండక్కి ముందు నాలుగు ఆదివారాలు ఇంట్లో ఒక్కో కొవ్వొత్తి పెంచుతూ రావడం మా అలవాటు. రాత్రి భోజనానికి ముందు లైట్లాపి, కొవ్వొత్తులు వెలిగించి, ఓ చిన్న వాక్యం చదివి, ఓ పాట పాడుకుంటాం. ఐదు నిమిషాలకి మించనివ్వను. మించితే చిన్నోడు కొవ్వొత్తి ఊదేస్తాడు.

దాంతోపాటు ఈ ఏడు ఒక చెప్పుల డబ్బా పెట్టాం. అది పశువుల తొట్టి. ఎవరైనా మంచి పని చేస్తే అందులో ఒక గడ్డిపోచ వెయ్యాలి, ఇరవై నాలుగో తేదీ రాత్రికి బాలయేసుకి మెత్తటి పక్క తయారవ్వాలి. చాలా దేశాల్లో పిల్లలున్న ఇళ్లలో ఇలా చేస్తారు. అపార్ట్‌మెంట్‌లో గడ్డి ఎక్కణ్నుంచి తేను? పసుప్పచ్చ చార్టు కాగితం సన్నగా కత్తిరించి ఇచ్చాను. వారం తిరిగేసరికి పెద్దది అకౌంటెంట్ అయిపోయింది. "తమ్ముడికి నీళ్లిచ్చా, ఒకటి." "వాడు పెన్సిల్ విరిచినా కొట్టలేదు, రెండు." చిన్నోడు ఎవరూ చూడనప్పుడు గుప్పెడు వేసేవాడు, అది చూసి అక్క తీసేసేది. తొట్టి గురించే రోజుకో గొడవ. రేపటి ప్రయాణానికి ఆ డబ్బా కూడా రావాల్సిందేనని ఇద్దరూ పట్టుబట్టారు.

డిసెంబర్ 22, సోమవారం: రైల్లో

సికింద్రాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లే దారిలో కాజీపేట, వరంగల్, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ జంక్షన్. కొత్తగూడెం వైపు లైను ఇక్కడే చీలుతుంది. అందుకే ఊరు చిన్నదైనా స్టేషన్ పెద్దది.

పగటి రైల్లో పిల్లల్ని కూర్చోబెట్టడం గురించి రాయడానికి కొత్తగా ఏమీ లేదు: పల్లీలు, జామకాయలు, బాత్రూంకి పరుగులు. చీకటి పడుతుంటే మాత్రం మంచి ఆట దొరికింది. ఊళ్లలో ఇళ్ల మీద, వెదురు గడల మీద స్టార్లు వెలగడం మొదలైంది. డిసెంబర్ నెలలో తెలుగు నేల మీద ఏ రైల్లో సాయంత్రం ప్రయాణం చేసినా ఇది కనిపిస్తుంది. ఊరి నడిమధ్యలో తక్కువ, ఊరి అంచున ఎక్కువ. అంచునే ఎందుకు ఎక్కువో పెద్దయ్యాక మా పిల్లలకి చెప్పాలి. ఈ నేల మీద మా మతం ఎవరి వాడల్లో మొదలైందో, వాళ్లని ఊరు ఎక్కడ ఉంచిందో ఆ స్టార్ల వరసే చెబుతుంది. ఇప్పటికైతే ఎడమవైపువి అక్కవి, కుడివైపువి తమ్ముడివి. కుడివైపే ఎక్కువ కనిపిస్తున్నాయని అక్క సీటు మార్చమంది.

స్టేషన్‌కి మా ఆయన పెద్దనాన్న, అంటే పిల్లలకి పెద్ద తాత, వచ్చాడు. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. "ఏమ్రా, మంచిగున్నరా? పోరగాండ్లు ఇంత పెద్దగైన్రా!" అంటూ చిన్నోణ్ని భుజానికెత్తుకున్నాడు. ఇంటి ముందు స్టార్ ఆయన చేత్తో చేసిందే. వెదురు బద్దలు కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టాడు. కొన్న స్టార్ కంటే కొంచెం వంకరగా ఉంది, కానీ వెలుగు బాగుంది.

డిసెంబర్ 23, మంగళవారం: డోర్నకల్ నుంచి తెనాలి

మెదక్ చూసిన కళ్లతో డోర్నకల్ కెథీడ్రల్ చూడాలి. అది ఇంగ్లండు నుంచి లేచొచ్చిన గుడి, ఇది ఇక్కడి మట్టిలోంచి లేచింది. గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాలు దేవాలయ మండపాన్ని. స్తంభాల మీద చెక్కిన తామరపూలు చూపించి పెద్ద తాత పిల్లల్ని అడిగాడు: "ఇది యేసయ్య గుడా, వేరే గుడా?" పెద్దది తెలివిగా పైనున్న సిలువ చూసి చెప్పింది. చిన్నోడు తామరపువ్వు చూసి "లక్ష్మీదేవిది" అన్నాడు. వాడి బడిలో గోడమీద బొమ్మ ఉంది మరి. పెద్ద తాత నవ్వి, "ఇద్దరూ కరెక్టే చెప్పిన్రు" అన్నాడు.

దీన్ని కట్టించింది వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతం నుంచి, అక్కడి క్రైస్తవులే పెట్టుకున్న మిషన్ తరఫున వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి శాఖలో, మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. అప్పటికి డోర్నకల్ నిజాం రాజ్యంలో ఓ చిన్న రైల్వే ఊరు. దొరల పద్ధతిలో కడితేనే గుడి అనుకునే రోజుల్లో ఈ దేశపు పనితనంతో కట్టాలన్నాడు. పనికి చాలా ఏళ్లు పట్టింది, 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేశారు. ఆ తేదీ కావాలని పెట్టుకున్నదే. జనవరి 6 జ్ఞానులు చుక్కను వెంబడించి వచ్చి బాలయేసును చూసిన పండగ, ఈ గుడి పేరు కూడా ఎపిఫనీ కెథీడ్రలే. తూర్పు నుంచి వచ్చిన పరాయివాళ్లు వాళ్ల కానుకలు వాళ్లు తెచ్చిన రోజు. తామరపూల స్తంభాల గుడికి అంతకంటే సరైన పేరు నాకు తోచలేదు.

అజరయ్య 1945 జనవరి 1న ఇక్కడే చనిపోయాడు. సమాధి గుడి ఆవరణలోనే ఉంది. పిల్లలు సమాధి చుట్టూ పరిగెడుతుంటే వారించబోయాను. "ఉర్కనియ్ బిడ్డా, పిల్లల సప్పుడు ఆయనకు ఇష్టమే ఉంటది" అన్నాడు పెద్ద తాత. పంట పండగకి వడ్ల మూటలు, గుమ్మడికాయలు, కోళ్లు పట్టుకుని పాటలు పాడుతూ ఊరేగింపుగా గుడికి వచ్చేవాళ్లట. మన పండగ తీరులో, మన రాగాల్లో దేవుణ్ని కొలవాలని అజరయ్య గట్టిగా నమ్మాడు. ఇప్పటి కొన్ని చర్చిల్లో కీబోర్డు, డ్రమ్ముల మోతలో పిల్లలకి ఒక్క కీర్తన కూడా పూర్తిగా రాకుండా పోతోందని పెద్దాయన బాధ. నేను ఆయన పక్షమే.

మధ్యాహ్నం రైలు మూడు గంటలు ఆలస్యం. పెద్దమ్మ కట్టిచ్చిన సకినాలు ప్లాట్‌ఫాం మీదే సగం అయిపోయాయి. ఖమ్మం, మధిర, విజయవాడ. కృష్ణ బ్రిడ్జి మీదకి వచ్చేసరికి బాగా పొద్దుపోయింది, పిల్లలు నిద్రలో ఉన్నారు. తెనాలిలో మా తమ్ముడు కారు తెచ్చాడు. ఇద్దర్నీ ఎత్తుకుని దిగాం, చెప్పుల డబ్బా నేను పట్టుకున్నాను.

డిసెంబర్ 24, బుధవారం: మా ఊరు

రేపల్లె దాటి సముద్రం వైపు కొంచెం లోపలికి వెళ్తే మా ఊరు. డిసెంబర్ ఆఖరుకి వరి కోతలైపోయి కుప్పలు పడి ఉంటాయి. వరి కోయకముందే చల్లిన మినుములు అప్పటికే మొలకెత్తి చేలంతా మళ్లీ పచ్చబడుతుంది. పొద్దున్నే లేచిన పిల్లలు వాకిట్లోకి వచ్చి చూసిన మొదటి దృశ్యం గడ్డివాము. పెద్దది నిద్రకళ్లతోనే పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, నిజం గడ్డి!"

చార్టు కాగితం మొత్తం పారబోశారు. ఇప్పుడు అసలు సమస్య వచ్చింది. అప్పటిదాకా చేసిన మంచి పనుల లెక్క ప్రకారం ఎన్ని పోచలు వెయ్యాలి? పెద్దది నోటుబుక్ తీసింది. ఆమెకి తన లెక్క తెలుసు, తమ్ముడి లెక్క దొంగ లెక్కని కూడా తెలుసు. వాము దగ్గర గొడవ మొదలైంది. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చి సంగతి విని, "ఏందే ఇది? పసిబిడ్డకి పక్క వేసేటప్పుడు పోచలు లెక్కెడతారా ఎవరన్నా?" అని రెండు దోసిళ్ల గడ్డి దూసి డబ్బాలో కుక్కింది. డబ్బా నిండి పైకి పొంగింది. పెద్దది కాసేపు నోరు తెరుచుకుని చూసింది. "మరి మా మంచి పనులు?" అంది. "అయ్యి ఎటూ చెయ్యాల్సిందేగా" అని అమ్మ మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ నోటుబుక్ తర్వాత ఎవరూ తియ్యలేదు. నాలుగు వారాలుగా నేను ఈ తొట్టి గురించి పిల్లలకి చెప్పిన పాఠం మీద మా అమ్మ ఒక్క నిమిషంలో నీళ్లు చల్లింది. మంచిదే.

పొయ్యి మీద అరిసెల పాకం ఉంది. నానబెట్టిన కొత్త బియ్యం తడి ఆరకుండా పిండి కొట్టించి, బెల్లం పాకం పట్టారు. పాకం చుక్క నీళ్లలో వేస్తే ఉండకట్టాలి. లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయవుతుంది. పాకం చూసే హక్కు ఇంట్లో అమ్మది, అమ్మ తర్వాత ఎదురింటి పిన్నిగారిది. పిన్నిగారు వాళ్లు వైష్ణవులు. సంక్రాంతికి వాళ్లింట్లో అరిసెలు వండేటప్పుడు మా అమ్మ వెళ్తుంది, క్రిస్మస్‌కి ఆవిడ వస్తారు. ఇద్దరూ ఒకే చెక్కలతో నూనె నొక్కుతారు. నువ్వులద్దే పని పిల్లలకిచ్చారు. నువ్వులు అరిసెల మీద కన్నా ఒంటి మీదే ఎక్కువ అంటుకున్నాయి. కజ్జికాయలు, జంతికలు, సున్నుండలు ముందు రోజే అయ్యాయి. కేకు మాత్రం రేపల్లె బేకరీ నుంచి తెచ్చారు, ఊళ్లో కేకు విలువ అరిసె తర్వాతే.

చెట్టు సంగతి. మా వైపు క్రిస్మస్ చెట్టంటే సరుగుడు కొమ్మ. తీరం పొడవునా సరుగుడు తోటలున్నాయి కాబట్టి కొనాల్సిన పని లేదు. తాతయ్య తెలిసినవాళ్ల తోటలోంచి ఓ కొమ్మ నరికించి తెచ్చాడు. సన్నటి సూదులాంటి ఆకులతో, దూరం నుంచి చూస్తే సినిమాల్లో కనిపించే చెట్టులానే ఉంటుంది. సరుగుడూ నిజానికి బయటిదే. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా వైపు చెట్టు. ఎవరో తెచ్చి ఇసకలో నాటారు, అది వేళ్లూనుకుంది, ఇప్పుడు మా అమ్మకి అదే అసలు క్రిస్మస్ చెట్టు. దానికి రంగు కాగితాల గొలుసులు కట్టాం. అంటించడానికి మైదా ఉడకబెట్టిన జిగురు. చిన్నోడు జిగురు నాకి బాగుందన్నాడు. దూది మంచు ఎక్కడా పెట్టలేదు. పిల్లలూ అడగలేదు.

మధ్యాహ్నం తాతయ్య పిల్లలకి మా గుడి కథ చెప్పాడు. ఆయనకి ఫాదర్ హయ్యర్ అంటే ఇంట్లో మనిషితో సమానం. ఆ లూథరన్ మిషనరీ జర్మనీలో పుట్టి అమెరికా వెళ్లి, దాదాపు యాభై ఏళ్ల వయసులో ఓడెక్కి, 1842 జూలై 31న గుంటూరు చేరాడు. గుంటూరు సీమ లూథరన్ సంఘాలకి ఆ రోజే మొదలు. మా ఊరి గుడి అంత పాతది కాదు. పెంకుల పాక, తర్వాత రేకులు, ఇప్పుడు స్లాబు. తాతయ్య చిన్నప్పుడు ఇరవై నాలుగో తేదీ రాత్రి పెట్రోమాక్స్ లైటు మోయడానికి కుర్రాళ్లు పోటీలు పడేవాళ్లట. "తాతా, నువ్వు మోశావా?" "మోశా. పాటకన్నా దాని బుస్సు చప్పుడే ఎక్కువ వినిపించేది."

రాత్రి కొవ్వొత్తుల ఆరాధన. చేతిలో కొవ్వొత్తి అంటే నాకు టెన్షన్. పెద్దదానికి అట్ట ముక్కకి కన్నం చేసి గుచ్చి ఇచ్చాను, చిన్నోడికి బ్యాటరీ కొవ్వొత్తి. వాడు దాన్నీ ఊదుతూనే ఉన్నాడు. కరెంటు ఆపేసి, పాస్టర్ అయ్యగారి కొవ్వొత్తి నుంచి ముందు వరసకి, అక్కణ్నుంచి వెనక్కి నిప్పు అందుకుంటూ వచ్చింది. మా వంతు వచ్చేసరికి పక్కనున్న ముసలమ్మ చెయ్యి వణుకుతోంది. పెద్దది తన కొవ్వొత్తి వంచి ఆవిడది వెలిగించింది. చెప్పకుండానే.

ఇంటికొచ్చాక బాలయేసు బొమ్మను తొట్టిలో పెట్టాం. ఇరవై నాలుగు రాత్రి దాకా పశువుల పాకలో తొట్టి ఖాళీగానే ఉంటుంది, బొమ్మ అమ్మ బీరువాలో చీరల మధ్య ఉంటుంది. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు పెట్టాలి. చిన్నోడు బొమ్మను గడ్డిలో ఎంత లోతుగా దూర్చాడంటే ముక్కు మాత్రమే కనిపించింది. చలేస్తుందట.

కేరల్స్ బృందం మా ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. డోలక్, తాళాలు, ఓ కుర్రాడి మెడలో డప్పు. పిల్లల్ని లేపొద్దనుకున్నాను. డప్పుకి లేవని పిల్లలుంటారా.

డిసెంబర్ 25, గురువారం: పండగ

కొత్త బట్టలు వేసుకుని తొమ్మిదిన్నరకి గుడికి. పొద్దున్నుంచి ఎదురుపడ్డ ప్రతి ఒక్కరికీ "వందనాలండి, హ్యాపీ క్రిస్మస్" చెప్పి చెప్పి చిన్నోడు చివరికి గేదెకీ చెప్పాడు. ఆరాధన పెద్దది. ప్రసంగం ఇంకా పెద్దది. పిల్లలున్న ఆడవాళ్లందరం గుమ్మం దగ్గర చాప మీద చేరాం, అక్కడ అరటిపళ్లు, బిస్కెట్లు చేతులు మారాయి. కంఠత వాక్యం చెప్పడానికి పెద్దది మైకు దగ్గరికెళ్లి లూకా రెండో అధ్యాయంలోంచి దూత చెప్పిన మాటలు తడబడకుండా చెప్పింది.

పిల్లలకి పండగంటే ఇదీ అనిపించింది మాత్రం ఆరాధన అయ్యాక జరిగిన వేలం పాట. మా సంఘంలో డబ్బు లేనివాళ్లు కానుకగా పంట తెస్తారు. వడ్లు, గుమ్మడికాయ, బీరకాయలు, కొబ్బరికాయలు, కోడి. వాటిని గుడి వాకిట్లో పాట పెడతారు, వచ్చిన సొమ్ము సంఘానికి. నలభై రూపాయల గుమ్మడికాయ నాలుగొందలు పలుకుతుంది. మళ్లీ కొన్నవాళ్లే దాన్ని తిరిగి ఇచ్చేస్తారు, ఇంకోసారి పాట. ఓ నాటుకోడి పాటకి వచ్చింది. "మూడొందలు... మూడొందల యాభై..." అంటుంటే చిన్నోడు టాటా చెబుతున్నట్టు చెయ్యెత్తాడు. "తాతగారి మనవడు నాలుగొందలు!" అన్నాడు పాటగాడు. జనం నవ్వులు. తాతయ్య పరువు కోసం ఐదొందలకి పాడి కోడిని ఇంటికి తెచ్చాడు. దాన్ని కూర వండే ప్రసక్తే లేదని పిల్లలు ప్రకటించారు. ప్రస్తుతం అది మా అమ్మ దొడ్లో గుడ్లు పెడుతోంది.

భోజనాల్లోకి బిర్యానీ, మటన్ కూర, కోడి వేపుడు (వేరే కోడి), పెరుగు చట్నీ. ఎదురింటి పిన్నిగారి ఇంటికి పులిహోర, పిండివంటలు వేరే గిన్నెల్లో ముందే వెళ్లాయి. మా ఇంట్లో పిల్లలకి బహుమతి ఒక్కొక్కరికి ఒకటే, అది పొద్దున కాదు, మధ్యాహ్నం భోజనాలయ్యాకే. అంతకుముందు వాళ్లు నెలంతా కూడబెట్టిన హుండీ పగలగొట్టి, ఆ డబ్బుతో కొన్న కొత్త బట్టలు గుడి పక్క వీధిలో ఓ ఇంటి పిల్లలకి ఇచ్చి రావాలి. ఇచ్చేటప్పుడు ఫొటో తియ్యకూడదు. ఈ నియమం మా ఆయనది, దీని మీద ఇంట్లో బంధువులతో ప్రతి ఏడూ వాదన జరుగుతుంది, ఆయన వినడు. పెద్దది గౌను ఇచ్చిన పిల్లతో అక్కడే తొక్కుడుబిళ్ల ఆటలో పడి, బహుమతి సంగతి మరిచిపోయి సాయంత్రానికి వచ్చింది. చిన్నోడు మరిచిపోలేదు.

డిసెంబర్ 26, శుక్రవారం: సూర్యలంక

బాపట్ల నుంచి తొమ్మిది కిలోమీటర్లు సూర్యలంక బీచ్. పండగ మర్నాడు సగం జిల్లా అక్కడే ఉంటుంది. తీరం వెంట సరుగుడు తోటల్ని చూసి "ఎన్ని క్రిస్మస్ చెట్లో!" అని చిన్నోడు కేకలు. నీళ్లలో మోకాళ్లు దాటి దిగనివ్వలేదు. ఇసకతో పిల్లలు పశువుల పాక కట్టారు, అందులో ముగ్గురు జ్ఞానుల బదులు మూడు గవ్వలు. ఎండ ఎక్కకముందే వెళ్లి పదకొండుకల్లా బయటపడండి, పిల్లలున్నవాళ్లకి అదే సుఖం. రాత్రి బాపట్లలో రైలెక్కాం.

డిసెంబర్ 27, శనివారం: ఇల్లు

సికింద్రాబాద్‌లో దిగేసరికి తెల్లవారింది. అమ్మ ఇచ్చిన అరిసెల డబ్బా మా అంతస్తులో నాలుగిళ్లకి పంచాను. పక్కింటివాళ్లు సంక్రాంతికి వాళ్లవి పంపుతామన్నారు, కానీ మా అమ్మ పాకం కొలత కావాలన్నారు. ఫోన్ చేసి అడిగితే, "కొలతేంటే, చూస్తే తెలవదూ?" అంది. బాల్కనీలో స్టార్ తీసేద్దామని మా ఆయన నిచ్చెన తెస్తుంటే పెద్దది అడ్డం పడింది. జ్ఞానులు ఇంకా రాలేదట, జనవరి 6 దాకా ఉండాలట, డోర్నకల్ తాత చెప్పాడట. నిచ్చెన మళ్లీ లోపలికి వెళ్లింది.